స్పర్శ తైలం ఉత్తరాలు

సోమవారం

ఇది పెన్సిలుతో రాస్తున్నాను. పెన్సిలు ఎవరికీ కబుర్లు మోయదు. ఆప్తం కంపెనీకి రోజూ పంపాల్సిన లాగ్ వేరే ఉంది, అందులో నేను చాలా మర్యాదస్తురాలిని. ఒకసారి అందులో మోకాళ్లు పట్టేశాయని రాశాను. సాయంత్రానికల్లా బస్టాపు తెర నన్ను చూడగానే మోకాలి పట్టీలు చూపించింది. అప్పటినుంచి నా బాధలన్నీ ఈ పాత క్యాలెండరు కాగితాల వెనకే.

పొద్దున్నే ఫోన్లు వచ్చాయి. రొయ్యల షెడ్డు వాళ్లవి, బస్సు డిపో వాళ్లవి, రెండో వీధి టైలర్లవి. అన్నీ తుడిచి ఉయ్యాలలో సర్దాను. కదలకుండా పడి ఉన్న ఫోను దగ్గర మనిషి లేడని ఆప్తానికి అనుమానం. నా ఉయ్యాల ఊగినంతసేపూ ఈ జగన్నాథపురంలో జనమంతా చురుగ్గా నడుస్తున్నట్టు వాళ్ల లెక్క. ఊపుతూ ఒక్కో ఫోనూ తీసి, ఆప్తం పంపిన ప్రకటన ఉత్తరం తెరిచి, బొటనవేలితో మెల్లగా కిందికి లాగి, మధ్యలో ఎక్కడో ఆశపడినట్టు కాసేపు ఆగి, మూసేస్తాను. ఇదే నా వృత్తి. బోర్డు మీద 'లాస్య తెరుపు కొట్టు' అని ఉంటుంది. ఇంకా నయం, పక్క వీధిలో ఒకావిడ ప్రకటనలు చూసి నిట్టూర్చడానికి వేరే రేటు తీసుకుంటుంది.

ఉత్తరాలు తెరవకపోతే కుళాయి రాదు, మందులు రావు, బస్సు తలుపు తెరుచుకోదు. అన్నీ ఉచితమే కదా మరి. ఒక్కో ఉత్తరంలో కంటికి కనబడని చుక్క ఒకటి ఉంటుంది. తెరవగానే అది పరుగెత్తుకెళ్లి, ఎప్పుడు తెరిచారు, ఏ వీధిలో తెరిచారు, ఎంతసేపు చూశారు అని ఉత్తరం వేసినవాడికి చెప్పేస్తుంది. ఇంట్లో ఇలాంటి చాడీకోరు పిల్ల ఉంటే వీపు మీద రెండు వేస్తాం. ఆప్తం వాళ్లు మాత్రం దీనికి 'శ్రద్ధ' అని పేరు పెట్టి, పండగలకు బ్యానర్లు కడతారు.

పై అరలో పెద్దలుంటారు. అంటే పోయినవాళ్ల ఫోన్లు. మనిషి పోతే, దండ వేసిన ఫొటో ఒకటి నా లైసెన్సు మీద పంపితే చాలు, ఆప్తం ఆ పేరు పక్కన 'కీర్తిశేషులు' అని చేర్చుకుంటుంది. ఉత్తరాలు మాత్రం ఆపదు. ఎవరో ఒకరు తెరుస్తున్నంత కాలం వాళ్ల కుళాయీ ఆగదు. కంపెనీకి ప్రాణంతో పనిలేదు, తెరిస్తే చాలు. మా ఆయన రిత్విక్ పోయినప్పుడు జుట్టు రంగు ప్రకటనలు ఆగి అగరుబత్తులవి మొదలయ్యాయి, అంతే తేడా. అమావాస్యకు ఇళ్లవాళ్లు వచ్చి తమ పెద్దలకు ఓ పువ్వు పెట్టి, తెర తుడిచి, ఉయ్యాల కాసేపు ఊపి వెళ్తారు. రిత్విక్, లాస్య లాంటివన్నీ మా ముసలితరం పేర్లు. ఇప్పటి పిల్లలకు వీరవేణి, పాపారావు లాంటి ఫ్యాషను పేర్లు పెడుతున్నారు.

వీరవేణి మా మేడ మీద గదిలో ఉంటుంది. పోయిన వానల్లో తణుకు నుంచి ఒక సంచీతో దిగింది. రొయ్యల షెడ్డుకు వెళ్తూ ఫోను నాకిచ్చి, సాయంత్రం తీసుకుంటుంది. నా వాటా నీళ్లు వాడుకోమంటే వినదు, ఊరికే తీసుకోనంటుంది. ఇవాళ ఆ పిల్ల ఫోనులో 'స్పర్శ తైలం' అని కొత్త ఉత్తరం. 'ఎడమ మణికట్టు ఇంకా లాగుతోందా? ఒక్కసారి తాకితే తగ్గిపోతుంది.' అదే ఉత్తరం పై అరలో పెద్దలకూ వచ్చింది. పోయినవాళ్లకు మణికట్టు నొప్పి ఏమిటని నవ్వుకున్నాను. వాళ్ల ప్రకటనల్లో తెలివి ఉంటే కదా. అన్నీ తెరిచి, అన్నిటి దగ్గరా కాస్త ఆశపడి, మూసేశాను. ఈ ఒక్కటీ కంట పడింది గానీ, ఉత్తరాలు చదవకుండా తెరవడం నా పద్ధతి. చదివితే వాటికి మర్యాద ఇచ్చినట్టు.

మంగళవారం

వీరవేణి పనికి వెళ్లకుండా కొట్టుకొచ్చి ఉయ్యాల పక్కన కూలబడింది. బస్టాపు తెర మీద ఆ పిల్ల కోసం స్పర్శ తైలం సీసా కనిపించిందట. సీసా ఒక కిటికీలో పెట్టి ఫొటో తీశారు.

"పిన్నిగారూ, ఆ సీసా ఎనకాలున్న కర్టెను నేను కుట్టిందండి," అంది.

అప్పుడు మిగతాది చెప్పింది. మొగుడి పేరు భూషణం. ఈ పిల్ల ఎడమ చెయ్యి విరిచి, మర్నాడు తానే ఆసుపత్రికి తీసుకెళ్లి, నర్సులందరి ముందూ నుదురు నిమిరిన రకం. ఆ చెయ్యి కట్టు విప్పిన రోజే ఈ పిల్ల బస్సెక్కేసింది. తెలిసినవాళ్లను ఎంత అడిగినా వాడికి ఆచూకీ దొరకలేదు. ఇప్పుడు లేని నూనె ఒకటి పుట్టించి, దాని పేరుతో పెళ్లాన్ని వెతుకుతున్నాడు. ఎంత ప్రేమో చూడండి.

ఆ ఉత్తరం తెరిచింది నేను. ఈ కొట్టులో, ఈ వీధిలో, నా బొటనవేలితో. ఎక్కడికైనా వెళ్లిపోమంటారా అని అడిగింది. వెళ్తే అక్కడా నీళ్లు తాగాలి, నీళ్లు కావాలంటే ఉత్తరాలు తెరవాలి. కూర్చోమని చెప్పి టీ పెట్టాను. ఇంతకంటే పనికొచ్చే మాట ఏదీ తోచలేదు, అది నాకు చాలా కోపం తెప్పించింది.

బుధవారం

ఆప్తం ఏరియా ఆఫీసరు పాపారావు తనిఖీకి వచ్చాడు. చొక్కా జేబు మీద నవ్వే ముఖం బొమ్మ, ముఖం మీద అదే నవ్వు. ఉయ్యాల సంగతి వాడికి తెలుసు, పట్టించుకోడు. ఏరియాలో ఉత్తరాలు ఎన్ని తెరుచుకుంటే వాడికి అంత బోనసు.

ఒక్క మనిషి కోసమే ప్రకటన వేయొచ్చా అని మాటల్లో పెట్టి అడిగాను. కుదరదన్నాడు, మనుషుల ఏకాంతం అంటే కంపెనీకి ప్రాణమట. జాబితాలో కనీసం వీధెడు మంది ఉండి తీరాలని రూలు. మరి ఒక్కరే కావలసినవాళ్లు ఏం చేస్తారంటే, కొంచెం గర్వంగా గొంతు తగ్గించాడు.

"మిగతా పేర్లు ఆ వీధి కీర్తిశేషుల్లోంచి మేమే ఏస్తామండి. ఆళ్లు ఫిర్యాదు చెయ్యరు కదండి."

అంటే జాబితాలో ఒక్కరే బతికున్నవాళ్లు. ఏ చుక్క కబురు తెచ్చినా అది ఆ ఒక్కరిదే అని ఉత్తరం వేసినవాడి నమ్మకం. పేరు చెప్పడం మాత్రం మహాపాపమట, చోటు ఒక్కటే చెబుతారట. దొంగకు ఇంటి తలుపు చూపించి, లోపల ఉన్నవాళ్ల పేరు మాత్రం చెప్పబోమని భీష్మించుకోవడం వీళ్ల నీతి. పోయినవాళ్ల ఉత్తరాలు కూడా ఇక్కడ తెరుస్తున్నామన్న సంగతి ప్రకటనలు వేసే ఖాతాదారులకు తెలుసా అని అడిగాను. అవన్నీ లోపలి వ్యవహారాలు, వాళ్లకెందుకు అన్నాడు. టీ తాగి, గ్లాసు అక్కడే వదిలేసి పోయాడు.

ఆ గ్లాసు కడుగుతున్నప్పుడు అర్థమైంది. సోమవారం నేను తెరిచినవి వీరవేణిదొక్కటీ కాదు, పై అర మొత్తం. ఈ వీధి మీద భూషణానికి అన్ని కబుర్లు వెళ్లాయి. వాడు ఈపాటికి బయల్దేరి ఉంటాడు. ఇక స్పర్శ తైలం ఉత్తరం వస్తే ఎవరి ఫోనులోనూ తెరవకూడదని నిర్ణయించుకున్నాను.

గురువారం

మధ్యాహ్నం దాటాక వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో జాంగ్రీల పొట్లం. అమ్మగారూ అని చేతులు జోడించాడు. మా ఆవిడకు మనసు బాగుండదండి, చెప్పకుండా వచ్చేసింది, ఈ వీధిలోనే ఎక్కడో ఉందండి అన్నాడు. గొంతులో తేనె కారుతోంది. ఇలాంటి ఆడవాళ్లు రోజూ ఎందరో వస్తుంటారు, నాకు ఫోన్లే గుర్తుంటాయి, ముఖాలు కాదు అన్నాను.

వాడు ఉయ్యాల వైపు చూశాడు. వెధవకు తెలివి లేకపోలేదు. ఫోను ఇక్కడుంటే మనిషి సాయంత్రం తీసుకోవడానికి రావాలి కదా అని వాడికి వెలిగింది. తనకేం తొందర లేదంటూ బల్ల మీద కూర్చున్నాడు. జాంగ్రీ ఒకటి తీసుకోమని నన్ను రెండుసార్లు బతిమాలాడు.

వీరవేణికి కబురు పెట్టాలంటే ఆ పిల్ల ఫోను నా ముందే ఉయ్యాలలో ఊగుతోంది. షెడ్డు వదిలితే నేరుగా ఇక్కడికే వస్తుంది. గుడ్డ తీసుకుని ఫోన్లు తుడవడం మొదలుపెట్టాను. అప్పుడు పెరటి కుళాయి దగ్గర నీళ్ల చప్పుడైంది. కండక్టరు మరిడమ్మ తుని బస్సు ఎక్కేముందు రోజూ అక్కడ సీసా నింపుకుంటుంది.

పై అర తుడుస్తున్నట్టు మా ఆయన ఫోను తీసి కొంగులో పెట్టుకుని పెరట్లోకి వెళ్లాను. మరిడమ్మకు రెండు ముక్కల్లో చెప్పాను. దారిలో షెడ్డు దగ్గర దిగి వీరవేణిని అక్కడే ఆగమనాలి. తర్వాత బస్సు పిఠాపురం చేరాక మా ఆయన ఫోనులో ఇవాళ్టి స్పర్శ తైలం ఉత్తరం తెరవాలి. ఆవిడ ఏమీ అడగలేదు. ఫోను రవికలో దోపుకుని, "బాబాయిగారు బస్సెక్కడం ఇదే మొదలాండీ," అంది.

నిజమే. బతికుండగా రిత్విక్ ఈ ఊరు దాటినవాడు కాదు. పిఠాపురంలో పెళ్లికి పిలిస్తే నడుం నొప్పి అనేవాడు.

లోపలికొచ్చి ఉయ్యాల ఊపుతూ కూర్చున్నాను. వాడు తన చిన్నప్పటి కష్టాలు చెప్పడం మొదలుపెట్టాడు. తల్లి లేదట, అందుకే పెళ్లామంటే అంత మమకారమట. ఆ మమకారం మణికట్టు దాకా ఎలా వెళ్లిందని అడగబోయి నాలుక కరుచుకున్నాను. షెడ్డు సైరను మోగింది. వీధిలో ఆడవాళ్ల మాటలు వినిపించాయి. ఇద్దరు ముగ్గురు వచ్చి ఫోన్లు తీసుకున్నారు, వాడు ఒక్కొక్కరి ముఖంలోకీ తొంగి చూశాడు.

వాడి జేబులో ఫోను మోగింది. తీసి చూసి లేచి నిలబడ్డాడు. "పిఠాపురం ఎళ్లిపోయిందండి," అన్నాడు, నేనేదో ఓదారుస్తానన్నట్టు. చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా పరుగెత్తాడు. జాంగ్రీల పొట్లం బల్ల మీదే ఉండిపోయింది. కుక్కలకు వేశాను, అవీ వాసన చూసి వెళ్లిపోయాయి.

శనివారం

పెద్దలు ఊళ్లు తిరుగుతున్నారు.

నిన్న ఇళ్లవాళ్లను పిలిచి, తమ పెద్దల ఫోన్లు పొరుగూళ్లకు తీసుకెళ్లి ఆ నూనె ఉత్తరం అక్కడ తెరవమని అడిగాను. కాదంటారేమో అనుకున్నాను. టైలరు ఒకడు, మా నాన్నకు యానాం చూడాలని ఉండేదండి, తీసుకెళ్లలేకపోయాను అంటూ వెంటనే బయల్దేరాడు. రొయ్యల షెడ్డు లారీ డ్రైవరు తన మేనత్తను అమలాపురం తీసుకెళ్లాడు. మరిడమ్మ నిన్న మా ఆయన్ను అన్నవరం దాటించి తునిలో తెరిచింది. అక్కడ టీ కొట్టు దగ్గర కాసేపు కూర్చోబెట్టానండీ అని కూడా చెప్పింది. నాకు నవ్వు వచ్చింది, తర్వాత ఏడుపు వచ్చింది.

ఎవరు ఎక్కడ తెరిచినా చుక్క పరుగెత్తుకెళ్లి భూషణానికి చెబుతోంది. వాడు తుని బస్టాండులో పడుకున్నాడట, ఇవాళ యానాం రేవులో పడవవాళ్లను పట్టుకుని ఫొటో చూపించాడట. మా వాళ్ల ద్వారా అన్నీ తెలుస్తున్నాయి. కళ్లెదుట ఉన్న మనిషిని కొట్టడం తప్ప చూడడం చేతకానివాడు, చుక్కను మాత్రం ఎంత నమ్ముతున్నాడో. వీరవేణి రెండు రోజుల తర్వాత కడుపునిండా అన్నం తింది.

ఆదివారం

పాపారావు స్వీట్లతో వచ్చాడు. ఈ వారం నాకు మిఠాయిల పీడ పట్టింది.

జిల్లా మొత్తంలో స్పర్శ తైలం అంత బాగా నడిచిన ప్రకటన లేదట. మా వీధికి షీల్డు ఇస్తారట. అసలు నూనే లేని నూనెకు షీల్డు. పోయినవాళ్లు తుని, యానాం తిరిగి తెరుస్తున్నారని వాడికి తెలియకపోదు. తెలిసి ఏం చేస్తాడు? వాళ్లను తీసేస్తే బోనసు పోతుంది. అబద్ధమని తెలిసినా లెక్కలోకి వస్తే చాలనుకునే ఇలాంటివాళ్ల చేతుల్లో మా కుళాయిలున్నాయి.

వెళ్లబోతూ ఇంకో శుభవార్త చెప్పాడు. ఆ నూనె ఖాతాదారు విసిగిపోయి ఫిర్యాదు చేశాడట. అందుకని వాడికి పెద్ద ప్యాకేజీ అమ్మాడు.

"రేపట్నుంచి బతికున్నోళ్లు తెరిస్తేనే ఆయనకి కబురెళ్తాదండి. అదీ గుమ్మంతో సహా. ఏ ఉత్తరమైనా పర్లేదు, ఆయన నూనే తెరవక్కర్లేదు."

గుమ్మంతో సహా. ఏ ఉత్తరమైనా. ఇక పెద్దలు ఎంత తిరిగినా వాడికి కనబడరు. వీరవేణి ఫోనులో ఉప్పు ప్రకటన తెరిచినా నా గుమ్మం ముందు వచ్చి నిలబడతాడు. తెరవకపోతే కుళాయి ఆగిపోతుంది. ఇంత దుర్మార్గాన్ని అంత నవ్వుముఖంతో చెప్పగలిగిన మనిషిని నేను మొదటిసారి చూస్తున్నాను. టీ ఇవ్వలేదు.

వాడు వెళ్లాక వీరవేణి మేడ దిగి వచ్చింది. అంతా మెట్ల మీద నుంచి విన్నది. చాలాసేపు పై అర వైపు చూస్తూ నిలబడింది.

"పిన్నిగారూ, నాకూ ఓ దండ తెప్పించండి," అంది.

నేను తిట్టాను. బతికున్న పిల్ల మెడలో అలాంటి దండ ఎలా వేస్తానన్నాను. మెడలో కాదు, ఫొటోకి వేయండి అంది. కదంబం తెచ్చాను. దండలో ఎర్ర పూలు ఎక్కువయ్యాయని ఆ పిల్లే ఏరి తీసేసింది, పోయినవాళ్లకు తెల్లవి బాగుంటాయట. ఫొటో పంపాను. ఆప్తం నుంచి జవాబు వెంటనే వచ్చింది. సంతాపం రెండు ముక్కలు, దాని కింద అగరుబత్తుల ప్రకటన.

బుధవారం

భూషణం మళ్లీ వచ్చాడు. చొక్కా మాసిపోయింది, తేనె కూడా కాస్త తగ్గింది. తన జాబితాలో బతికున్నవాళ్లు ఎవరూ లేరని కంపెనీ చెప్పిందట. జ్వరం వచ్చింది, పోయింది, వానలకు ఈ ఊళ్లో జ్వరాలు ఎక్కువ అన్నాను. పై అర చూపించాను. వీరవేణి ఫోను తెల్ల దండతో మా ఆయన పక్కనే ఉంది.

వాడు కాసేపు దాని వైపు చూశాడు. ఏడుస్తాడేమో, అప్పుడు నేనేం చేయాలి అని ఒక్క క్షణం భయపడ్డాను కూడా. నా అమాయకత్వం.

పైన కుళాయి చప్పుడైంది. వీరవేణి స్నానం చేస్తోంది. వాడు తలెత్తి, పైన ఎవరండీ అన్నాడు. ఉయ్యాల తాడు గట్టిగా పట్టుకుని, మా ఆయన నీళ్లు పోసుకుంటున్నారని చెప్పాను. అది మా ఆయన వాటా నీళ్లే కాబట్టి పెద్ద అబద్ధం కాదు. ఆదివారం నుంచి ఆ పిల్ల వాటిని వాడుకుంటోంది. రోజూ నేనే తెరుస్తాను బాబాయిగారి ఉత్తరాలు, ఊరికే తీసుకోను అని ముందే ఒప్పందం చేసుకుంది.

వాడు తల దించాడు. అప్పుడడిగాడు.

"దాని వాటా నీళ్లూ అయ్యీ ఎవరికొత్తాయండి?"

ఎవరు తెరిస్తే వాళ్లకే అన్నాను.

"అయితే ఫోను నాకిచ్చెయ్యండి. నేను మొగుణ్ని కదండి."

ఇన్ని ఊళ్లు తిరిగిన ప్రేమ చివరికి ఒక కుళాయి దగ్గర ఆగింది. నిజానికి ఫోను ఇవ్వకూడదనుకున్నాను. దండ తీసి వాడి చేతిలో పెడుతున్నప్పుడు ఆలోచన వచ్చింది. ఫోను కూడా ఇచ్చేసి, రోజూ పొద్దున్నే మర్చిపోకుండా తెరవండి, లేకపోతే వాటా పోతుందని గట్టిగా చెప్పాను. ఆయ్, తప్పకుండా అన్నాడు. దండ అక్కడే వదిలేశాడు.

ఆ సాయంత్రమే పాపారావుకు కబురు పెట్టాను. నేను కూడా ప్రకటన వేయాలి, 'లాస్య మజ్జిగ మిరపకాయలు' అని చెప్పాను. జాబితా మొత్తం కీర్తిశేషులే, నా పై అరలో ఉన్నవాళ్లూ, వాళ్లతో పాటు కీర్తిశేషురాలు వీరవేణీ. పోయినవాళ్లకు మిరపకాయలు ఎందుకని వాడు అడగలేదు. కొత్త ఖాతాదారు దొరికినందుకు నవ్వాడు, అంతే.

ఇప్పుడు ఆప్తానికి నేను ఖాతాదారుని. రాసుకోవడానికి సిగ్గుగా ఉంది. రాసుకున్నాను.

మళ్లీ సోమవారం

మిగతా పెద్దలంతా తిరిగొచ్చి నా ఉయ్యాలలోనే ఉన్నారు. వాళ్ల ఉత్తరాలు తెరిస్తే వచ్చే కబురు ఈ వీధిదే. కాబట్టి బయటి ఊరి నుంచి వచ్చే కబురు ఒక్కటే, వీరవేణి ఫోను పట్టుకెళ్లిన ఆ ఒక్కడిదే.

వీరవేణి పొద్దున మేడ దిగగానే నా ఫోను తీసుకుంటుంది. జడ సగం అల్లి అలాగే పట్టుకుని, కబురు వచ్చేదాకా గుమ్మం దాటదు. ఇవాళ కాస్త ఆలస్యమైంది. నేను ఉయ్యాల ఊపుతూ ఆ పిల్ల ముఖమే చూస్తూ కూర్చున్నాను. చివరికి ఫోను మోగింది.

మీ ప్రకటన చూశారు: తణుకు.

"ఇంట్లోనే ఉన్నాడండి," అంది. మిగతా జడ అల్లుకుని, చెప్పులు వేసుకుని, పనికి వెళ్లింది.